చాతమ్ కౌంటీ పాత ఇళ్లు, ఊళ్ల పుట్టుక: తరచుగా అడిగే ప్రశ్నలు

కేరీ, ఏపెక్స్, మోరిస్‌విల్ వైపు ఉండే మనవాళ్లు వారాంతాల్లో పిట్స్‌బరో దాకా వెళ్లొస్తుంటారు. వచ్చాక గ్రూపుల్లో ఒక ఫొటో, దాని కింద ఒక ప్రశ్న. "ఈ ఇల్లు ఎప్పటిది?", "ఇలాంటిది కొంటే రిపేర్లు చేసుకోనిస్తారా?" అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని అన్నీ ఒకచోట పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## వెళ్లే ముందు

అసలు చాతమ్ కౌంటీ ఎక్కడ? మేముండే కేరీ అందులోదేనా?

నార్త్ కరోలైనా నడిమధ్యలో, రాలీకి పడమర, చాపెల్ హిల్‌కి దక్షిణాన ఉంది. కౌంటీ కేంద్రం పిట్స్‌బరో. కేరీ ఎక్కువ భాగం వేక్ కౌంటీలోదే గానీ, ఊరు పడమటి అంచు పెరుగుతూ పెరుగుతూ చాతమ్‌లోకి దాటింది. మీది ఏ కౌంటీనో తేల్చుకోవాలంటే ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూడండి. చాతమ్ జనాభా 1990లో 39 వేల లోపే. 2020 లెక్కల్లో 76,285. ముప్పై ఏళ్లలో దాదాపు రెట్టింపు.

సినిమాల్లో చూసే తెల్ల స్తంభాల పెద్ద భవంతులు ఇక్కడ ఎందుకు లేవు?

అలాంటివి ఎక్కువగా పత్తి, వరి ఎగుమతులతో డబ్బు చేసుకున్న కోస్తా, డీప్ సౌత్ ప్రాంతాలవి. ఇక్కడిది ఎర్రమట్టి, గుట్టల నేల. నదుల్లో బండరాళ్లు, కాబట్టి పంటని పడవలో వేసి సముద్రానికి చేర్చే వీల్లేదు. మొక్కజొన్న, గోధుమ, పందులు, కొంత పత్తి, కొంత పొగాకు. చిన్న, మధ్యతరగతి రైతులే ఎక్కువ. ఇళ్లూ వాళ్ల స్థోమతకి తగ్గట్టే ఉన్నాయి.

ఇల్లు చిన్నది కాబట్టి ఇక్కడ బానిసత్వం లేదనుకోవద్దు. 1860లో నార్త్ కరోలైనా జనాభా 9,92,622 అయితే, అందులో 3,31,059 మంది బానిసలు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు. మామూలు రెండు గదుల ఇంటి వెనక కూడా ఆ చరిత్ర ఉండొచ్చు.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. ఒక్క శనివారంలో ఏం చూపించాలి?

పొద్దున్నే పిట్స్‌బరో. కోర్టు భవనం చుట్టూ ఉన్న వీధుల్లో మెల్లగా నడవండి. కోర్టు లోపల చిన్న మ్యూజియం ఉంది, తెరిచి ఉంచే వేళలు ముందే కనుక్కోండి. తర్వాత బైనమ్. అక్కడ హా నది మీద పాత వంతెన ఉంది, వాహనాలు రావు కాబట్టి పెద్దవాళ్లు నింపాదిగా నడవొచ్చు.

ఓపికుంటే దక్షిణాన మూర్ కౌంటీలోకి దాటి, డీప్ రివర్ గుర్రపు నాడాలా వంపు తిరిగిన చోట ఉన్న 'హౌస్ ఇన్ ద హార్స్‌షూ' చూడండి. 1770ల తొలినాళ్లలో ఫిలిప్ ఆల్‌స్టన్ కట్టించిన ఇల్లు. 1781 వేసవిలో బ్రిటిష్ పక్షాన ఉన్న డేవిడ్ ఫ్యానింగ్ మనుషులు దీన్ని ముట్టడించారు. ఆ తుపాకీ గుళ్ల రంధ్రాలు చెక్క గోడల్లో ఇప్పటికీ ఉన్నాయి, వేలు పెట్టి చూడాలనిపిస్తుంది. ఇది రాష్ట్ర ప్రభుత్వ చారిత్రక స్థలం కాబట్టి లోపలికి వెళ్లే దారుంటుంది. మిగతా చోట్ల రోడ్డు పక్కన కనిపించే పాత ఇళ్లన్నీ సొంతదారులవి. అడక్కుండా డ్రైవ్‌వేలోకి కారు పోనివ్వకండి.

## ఊళ్లు ఎలా పుట్టాయి

మొదట ఇక్కడ ఎవరుండేవాళ్లు? తెల్లవాళ్లు ఎటునుంచి వచ్చారు?

హా నది పరిసరాల్లో సిసిపహా, ఈనో, షకోరీ తెగల వాళ్లుండేవారు. 1701లో జాన్ లాసన్ అనే ఆంగ్లేయుడు కరోలైనా లోతట్టు అంతా కాలినడకన తిరిగి వాళ్ల గురించి రాశాడు. తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే జబ్బులు, యుద్ధాలు ఆ తెగల్ని చెల్లాచెదురు చేశాయి.

1740ల తర్వాత యూరోపియన్ కుటుంబాలు రెండు వైపుల నుంచి వచ్చాయి. పెన్సిల్వేనియా నుంచి గ్రేట్ వ్యాగన్ రోడ్ మీదుగా దిగినవాళ్లలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, జర్మన్లు ఉన్నారు. వీళ్లు ఎక్కువగా పడమటి సగంలో, రాకీ రివర్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. వర్జీనియా నుంచి, తూర్పు కోస్తా నుంచి వచ్చిన ఇంగ్లీషు కుటుంబాలు తూర్పున, నదుల పక్కనున్న మంచి పల్లపు భూములు పట్టుకున్నాయి. బానిసల్ని వెంట తెచ్చుకున్నవాళ్లు వీళ్లలోనే ఎక్కువ. క్వేకర్లు మాత్రం మెల్లమెల్లగా బానిసత్వాన్ని వదిలేశారు. కౌంటీ తూర్పు, పడమరలు ఈనాటికీ కాస్త వేరుగా అనిపించడానికి ఒక కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఇల్లు 1760ల నాటిదంటారు, పట్టా మాత్రం 1779ది. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. రాష్ట్రం ఉత్తర సగంలో భూములు లార్డ్ గ్రాన్‌విల్ అనే ఇంగ్లీషు ప్రభువువి. ఆయన ఏజెంట్లే పట్టాలిచ్చేవారు. 1763లో ఆయన చనిపోవడంతో ఆ ఆఫీసు మూతపడింది. స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక 1778లో రాష్ట్రం సొంత ల్యాండ్ ఆఫీసు తెరిచేదాకా, పదిహేనేళ్ల పాటు జనం భూమి దున్నుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు, కాగితం మాత్రం లేదు. ఆఫీసు తెరవగానే అందరూ ఒకేసారి అర్జీలు పెట్టారు. అందుకే పట్టా తేదీ చూసి ఇంటి వయసు కట్టేయకూడదు.

కౌంటీ 1771లోనే ఎందుకు ఏర్పడింది?

అప్పటి ఆరెంజ్ కౌంటీ మరీ పెద్దది. దానికి తోడు అధిక ఫీజులు, అధికారుల లంచగొండితనం మీద 'రెగ్యులేటర్లు' అనే రైతులు తిరగబడుతున్నారు. పాలన చేతికందేలా ఉండాలని ఆరెంజ్‌ను ముక్కలు చేశారు. అలా ఏర్పడ్డ చాతమ్‌కి బ్రిటిష్ నాయకుడు విలియం పిట్ బిరుదు పేరే పెట్టారు. ఆయన చాతమ్ ప్రభువు. రెగ్యులేటర్లు అదే ఏడాది మే 16న అలమాన్స్ యుద్ధంలో ఓడిపోయారు.

పిట్స్‌బరోలో రోడ్లన్నీ కోర్టు చుట్టూ ఎందుకు తిరుగుతాయి?

కోర్టు కోసమే పుట్టిన ఊరు కాబట్టి. 1787లో ఊరికి ప్లాన్ గీసినప్పుడే నడిమధ్యన కోర్టుకి చోటు వదిలి, చుట్టూ ప్లాట్లు వేశారు. దావాలు, పన్నులు, దస్తావేజులు, అన్నిటికీ రైతు ఇక్కడికే రావాలి. వచ్చినవాళ్లకి భోజనం, పడక, గుర్రానికి మేత కావాలి. సత్రాలు, లాయర్ల ఆఫీసులు, దుకాణాలు అలా వెలిశాయి.

ఇప్పుడున్న భవనం 1881 నాటిది. 2010 మార్చి 25న మరమ్మతులు జరుగుతుండగా మంటలంటుకుని పైకప్పు, గడియారం గోపురం కూలిపోయాయి. ఇటుక గోడలు మాత్రం నిలబడ్డాయి. వాటిని కూలగొట్టి కొత్తది కట్టడం తేలికే అయినా కౌంటీ పాత గోడల్నే నిలిపి, లోపలంతా తిరిగి కట్టించి 2013లో తెరిచింది.

హేవుడ్ అని మ్యాప్‌లో ఉంది. వెళ్తే ఊరే లేదు. ఏమైంది?

నది మీద ఆశలు పెట్టుకున్న ఊరు అది. హా నది, డీప్ రివర్ కలిసి కేప్ ఫియర్ నదిగా మారే చోట 1796లో వెలిసింది. పడవలు ఇక్కడి దాకా వస్తాయని, సరుకంతా ఇక్కడే దిగుతుందని లెక్క. పెద్ద పట్టణం వేసినట్టే వీధులు గీశారు. నదిలో బండలు, ఇసుక మేటలు, ఒక ఏడు వరద, ఒక ఏడు ఎండ. కాలువలు, లాకులు కట్టే ప్రయత్నాలు దశాబ్దాలు సాగినా పడవల రాకపోకలు నిలకడగా జరగలేదు. తర్వాత రైలు పక్కనున్న మాంక్యూర్ మీదుగా వెళ్లడంతో హేవుడ్ కథ ముగిసింది. ఇప్పుడు కొన్ని పాత ఇళ్లు, చర్చిలు, ఏ ఇల్లూ లేని వీధుల పేర్లు మిగిలాయి.

కౌంటీ కేంద్రం పిట్స్‌బరో కదా, మరి సైలర్ సిటీ ఎందుకు పెద్దది?

రైలు వల్ల. 1884లో కేప్ ఫియర్ అండ్ యాడ్‌కిన్ వ్యాలీ రైల్వే కౌంటీ పడమటి సగంలోంచి వెళ్లింది. అప్పటిదాకా అక్కడ ఉన్నది ఒక కూడలి మాత్రమే. మూడేళ్లలో, 1887 కల్లా, అది పట్టణ హోదా తెచ్చుకుంది. గోల్డ్‌స్టన్, బేర్ క్రీక్, బాన్లీ ఊళ్లు కూడా ఆ పట్టాల వెంట పెరిగినవే. ఆ రోజుల్లో రైతులు పట్టి తెచ్చిన కుందేళ్లని సైలర్ సిటీ నుంచి రైలెక్కించి దూరప్రాంతాలకు పంపేవాళ్లు. 'చాతమ్ ర్యాబిట్' అంటే హోటళ్లలో అంత పేరు.

కుందేళ్ల తర్వాత ఫర్నిచర్, బట్టల మిల్లులు, ఆ తర్వాత కోళ్ల పరిశ్రమ. 1990ల నుంచి ఆ కోళ్ల ప్లాంట్ల పనికి మెక్సికో, మధ్య అమెరికా కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఇప్పుడు ఊళ్లో సుమారు సగం మంది వాళ్లే. వందేళ్ల నాటి ఇటుక దుకాణంలో స్పానిష్ బోర్డు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. పాత భవనం ఖాళీగా పాడుపడకుండా కాపాడుతున్నది ఆ బోర్డే.

బైనమ్‌లో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఎందుకున్నాయి?

కంపెనీ ఇళ్లు కాబట్టి. 1870లలో హా నది ప్రవాహంతో తిరిగే పత్తి మిల్లు ఇక్కడ పెట్టారు. కూలీల కోసం మిల్లే ఇళ్లు కట్టించి అద్దెకిచ్చింది. కుటుంబాలకి కుటుంబాలే, పిల్లలతో సహా మిల్లులో పనిచేసేవి. 1980ల్లో మిల్లు మూతపడి, తర్వాత కాలిపోయింది. ఇళ్లు, చర్చి, జనరల్ స్టోర్ మిగిలాయి. 1999 నుంచి పాత వంతెన మీద వాహనాలు ఆపేశారు. ఏటా హాలోవీన్‌కి ఊరివాళ్లు గుమ్మడికాయలు చెక్కి, దీపాలు పెట్టి, ఆ వంతెన పొడుగునా వరస పేరుస్తారు. పిల్లలుంటే తప్పక వెళ్లండి, పార్కింగ్ కోసం మాత్రం కాస్త ముందుగా.

జోర్డాన్ లేక్ కింద మన శ్రీశైలం ముంపులాగా ఊళ్లున్నాయా?

పట్టణాలు లేవు గానీ న్యూ హోప్ లోయలో పొలాలు, ఇళ్లు, సమాధులు ఉండేవి. 1945లో దిగువన ఫయెట్‌విల్‌ను పెద్ద వరద ముంచెత్తింది. అలాంటిది మళ్లీ రాకూడదని 1963లో రిజర్వాయర్‌కి అనుమతి వచ్చింది. 1967లో పని మొదలై, కోర్టు గొడవల వల్ల నీళ్లు నింపడం 1981-82 దాకా జరగలేదు. అప్పటికే అక్కడి కుటుంబాలు ఎప్పుడో ఖాళీ చేశాయి. తరతరాలుగా ఉన్న భూమికి ప్రభుత్వం కట్టిన ధర చాలలేదన్న బాధ వాళ్ల పిల్లల మాటల్లో ఇంకా వినిపిస్తుంది.

నీరు సుమారు 13,900 ఎకరాల్లో పరుచుకుంది. చుట్టూ ఒడ్డు కూడా ఫెడరల్ భూమే. అందుకే సరస్సు ముందు విల్లాలు కనిపించవు, అడవే కనిపిస్తుంది. కౌంటీ తూర్పు భాగం చాలాకాలం పల్చగా ఉండడానికి అదొక కారణం. అక్కడి బంకమట్టిలో సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకకపోవడం ఇంకో కారణం.

ఈ పాత ఇళ్లు ఇన్నాళ్లూ ఎలా మిగిలాయి? ఎవరు కాపాడారు?

చాలావాటిని ఎవరూ పనిగట్టుకుని కాపాడలేదు. డబ్బు రాకపోవడమే కాపాడింది. రైలు, మిల్లు, హైవే వచ్చిన చోట పాతది పడగొట్టి కొత్తది కట్టుకున్నారు. రాని చోట పాత ఇంటికే ఒక గది తగిలించుకుని, వరండా వేసుకుని సర్దుకున్నారు. పిల్లలు డర్హమ్, గ్రీన్స్‌బరో మిల్లులకు వెళ్లిపోతే ఇల్లు గడ్డి నింపుకునే కొట్టం అయింది. ఇప్పుడు డబ్బు వస్తోంది కాబట్టి, ఆ ఇళ్లకు అసలు పరీక్ష ఇప్పుడే మొదలైంది.

## ఇంటి ముందు నిలబడి

రోడ్డు మీద నుంచే ఇంటి వయసు చెప్పొచ్చా?

సుమారుగా చెప్పొచ్చు. ముందు చిమ్నీ చూడండి. ఇటుకలు ఒకటి పొడుగు వైపు, పక్కది తల వైపు, ఇలా ప్రతి వరసలోనూ మారుతూ ఉంటే 1830కి ముందుది కావచ్చు. నాలుగైదు వరసలు పొడుగు ఇటుకలే ఉండి, ఆపైన ఒక వరస తలలు కనిపిస్తే ఆ తర్వాతిది. తర్వాత కిటికీ. ఒక్కో రెక్కలో తొమ్మిది, ఆరు చిన్న అద్దాలుంటే పాతది. రెండేసి పెద్ద అద్దాలుంటే 1800ల చివరిది, లేదా అప్పుడు మార్చినది. తర్వాత పునాది. మొదట్లో ఇళ్లు రాతి దిమ్మెల మీద నిలబడేవి, కింద గాలి ఆడేది. దిమ్మెల మధ్య ఇటుకో సిమెంటు దిమ్మో పేర్చడం చాలా తర్వాత వచ్చింది.

వరండాను మాత్రం నమ్మకండి. ఇంట్లో అన్నిటికంటే తరచుగా మార్చేది అదే.

లోపలికి వెళ్లే అవకాశం దొరికితే ఏం చూడాలి?

అటక ఎక్కండి. రంగులు, పేనెల్స్ ఏమీ లేకుండా ఇల్లు అసలు రూపంలో కనిపించేది అక్కడే. టార్చి వెలుతురు ఏటవాలుగా వేసి దూలం చూడండి. రంపం గాట్లు తిన్నగా, పక్కపక్కనే ఉంటే పైకీ కిందికీ ఆడే పాత రంపంతో కోసినది. విల్లులా వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపం, అంటే 1840ల తర్వాతిది. గొడ్డలితో చెక్కిన దూలం మీద సన్నటి పలచటి గాట్లుంటాయి, చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

మేకులు ఇంకా బాగా చెబుతాయి. తల మీద సుత్తి దెబ్బలతో నాలుగైదు పలకలుగా ఉన్నది కమ్మరి చేసినది, ఎక్కువగా 1800కి ముందుది. నలుచదరంగా, రెండు వైపుల మాత్రమే సన్నబడేది మిషను మీద కత్తిరించినది, 1800ల్లో ఎక్కువ కాలం అదే నడిచింది. ఇప్పటిలాంటి గుండ్రటి తీగ మేకు 1890 ప్రాంతం నుంచి. ఒక్క మేకు చూసి తేల్చేయకండి. ఒక ఇంటి దూలాలు, తలుపులు ఇంకో ఇంటికి వాడుకోవడం ఇక్కడ మామూలే.

పైన చెక్క పలకలు, లోపల దుంగల ఇల్లు అంటారు. నిజంగానా?

నిజం, అదీ తరచుగా. దుంగలతో ఒక గది ఇల్లు కట్టుకున్న కుటుంబం నాలుగు డబ్బులు వచ్చాక పైన పలకలు కొట్టించేది. వాన నుంచి రక్షణ, చూడడానికి హోదా. కనిపెట్టాలంటే కిటికీ దగ్గర గోడ మందం చూడండి. మామూలు చెక్క చట్రం గోడ అరడుగు లోపే ఉంటుంది. దుంగలుంటే ముప్పావు అడుగో, ఇంకా ఎక్కువో. ఇంట్లో ఒక్క గదికే మందం గోడలుంటే మొదటి ఇల్లు అదే, మిగతాదంతా తర్వాత పెరిగింది. కూల్చివేతలప్పుడు బుల్డోజర్ పలకలు పీకేసాక దుంగలు బయటపడి అందరూ నోరెళ్లబెట్టడం ఇక్కడ కొత్త కాదు.

రెండంతస్తులు, ముందు నుంచి విశాలం, పక్క నుంచి చూస్తే ఒక గది లోతే. ఎందుకలా?

దాన్ని ఐ-హౌస్ అంటారు. నడవకి అటొక గది, ఇటొక గది, పైన మళ్లీ అంతే. ఒక గది లోతే కాబట్టి వేసవిలో రెండు వైపులా కిటికీలు తెరిస్తే గాలి సూటిగా పోతుంది. రోడ్డు మీద పోయేవాడికి మాత్రం పెద్ద ఇల్లులా కనిపిస్తుంది. కాస్త కలిగిన రైతు కల ఇదే. 1870ల తర్వాత కట్టినవాటికి ముందు పైకప్పు మధ్యలో చిన్న ముక్కోణం అదనంగా ఉంటుంది. వెనక్కి పొడుచుకొచ్చిన భాగంలో వంటిల్లు ఉంటుంది, చాలాసార్లు అది తర్వాత కలిపినదే.

వంటిల్లు విడిగా ఎందుకు కట్టేవాళ్లు?

నిప్పు, వేడి, పొగ. వంటింట్లో నిప్పు అంటుకున్నా పెద్ద ఇల్లు మిగలాలి. బానిసలున్న ఇళ్లలో వంట చేసే స్త్రీ ఆ వంటింట్లోనే, పొయ్యి మీది అటకలో పిల్లలతో పడుకునేది. పెరట్లో పెద్ద చిమ్నీ ఒక్కటే నిలబడి ఉంటే, దాని చుట్టూ ఒకప్పుడు ఉన్నది అలాంటి గదే కావచ్చు. టూర్లలో 'పాత కిచెన్' అని నవ్వుతూ చూపించే గదిలో ఎవరు బతికారో కూడా అడగండి.

ఇల్లు రోడ్డుకి వీపు పెట్టి ఉంది. వాస్తు ఏమైనా పాటించారా?

లేదు, రోడ్డే మారింది. ఇల్లు కట్టిన రోజున బండి బాట దాని ముందు నుంచే వెళ్లి ఉంటుంది. కార్లొచ్చాక 1920, 30లలో రోడ్లు తిన్నగా వేసినప్పుడు కొత్త రోడ్డు వెనక నుంచి పోయింది. ముందు వైపు అడవిలో గోతిలా పల్లంగా పోయే దారి కనిపిస్తే, బండి చక్రాలు అరగదీసిన పాత బాట అదే. ఇక వాస్తు పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లకి నా సలహా ఒక్కటే: తూర్పు ముఖం కోసం పాత ఇంటి గుమ్మం మార్చాలనుకుంటే ఆ ఇల్లు కొనకండి.

స్థలంలో చెట్ల కింద పాతిన రాళ్లు కనిపిస్తున్నాయి. సమాధులా?

కావచ్చు. పేరు చెక్కని మామూలు రాళ్లు, రెండేసి చొప్పున కొద్ది అడుగుల దూరంలో, తూర్పు పడమరలుగా ఉంటే చాలావరకు సమాధులే. నేల మీద పచ్చగా పరుచుకున్న విన్కా తీగ, పాత దేవదారు చెట్లు ఇంకో గుర్తు. బానిసల సమాధులు ఎక్కువగా ఇలాగే, పేరు లేకుండా ఉంటాయి. నార్త్ కరోలైనాలో సమాధుల్ని పాడు చేయడం నేరం, మీ సొంత భూమిలోనైనా సరే. వారసులు చూడ్డానికి వస్తామంటే యజమాని అనుమతి అడుగుతారు. కాదంటే కోర్టు క్లర్క్ దగ్గర అర్జీ పెట్టుకునే హక్కు వాళ్లకుంది.

## కాగితాల్లో వెతకాలంటే

టాక్స్ రికార్డులో "కట్టిన సంవత్సరం 1900" అని ఉంది. నమ్మొచ్చా?

గుండ్రటి అంకె కనిపిస్తే నమ్మొద్దు. ఎప్పుడో ఒక అంచనా ఉద్యోగి "చాలా పాతది" అనుకుని రాసుకున్న అంకె అది. 1840 ఇంటికీ 1900 అనే ఉంటుంది, 1915 ఇంటికీ అదే ఉంటుంది.

మా స్థలం చరిత్ర తెలుసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇప్పటి మీ దస్తావేజుతోనే. అందులో ఎవరి నుంచి వచ్చిందో, పాత బుక్ నంబరు, పేజీ నంబరు ఉంటాయి. పిట్స్‌బరోలోని రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ ఇండెక్సులో అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు అని రెండు వరసలుంటాయి. ఒక్కో మెట్టు వెనక్కి వెళ్లండి. దారి తెగిపోయిన చోట భూమి కొనుగోలుతో కాక వారసత్వంగా వచ్చి ఉంటుంది. అప్పుడు వీలునామాలు, ఎస్టేట్ పంపకాలు వెతకాలి. పాతవి రాలీలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

హద్దులు మారాయన్నది మర్చిపోవద్దు. 1771కి ముందు కాగితాలు ఆరెంజ్ కౌంటీవి. 1907లో చాతమ్ దక్షిణపు ముక్క లీ కౌంటీలో కలిసింది, కాబట్టి శాన్‌ఫర్డ్ వైపు భూమి పాత కాగితం చాతమ్‌లో ఉంటుంది. ఇంటి గురించి నేరుగా తెలుసుకోవాలంటే రాష్ట్ర హిస్టారిక్ ప్రిజర్వేషన్ ఆఫీస్ ఆన్‌లైన్ మ్యాప్ చూడండి. సర్వే చేసిన ఇళ్లన్నీ చుక్కలుగా ఉంటాయి.

దస్తావేజులో "తెల్ల ఓక్ నుంచి 40 పోల్స్ తూర్పుకి" అని ఉంది. ఇదెంత దూరం?

ఒక పోల్ పదహారున్నర అడుగులు. నాలుగు పోల్స్ ఒక చెయిన్, 66 అడుగులు. అంటే మీ 40 పోల్స్ 660 అడుగులు. ఈ గొలుసు మనకి కొత్తది కాదు. బ్రిటిష్‌వాళ్లు ఇక్కడికీ మన జిల్లాలకీ తెచ్చింది అదే గొలుసు, వంద లింకులది. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, ఒక చదరపు గొలుసు పది సెంట్లు. ఊళ్లో సర్వేయర్ లింకుల్లో రాసిన స్కెచ్ చదివిన నాన్నగారు పక్కనుంటే, ఈ కాగితం మీకంటే ఆయనే తొందరగా అర్థం చేసుకుంటారు. తెల్ల ఓక్ మాత్రం ఎప్పుడో పోయి ఉంటుంది.

అక్కడ బానిసలుగా ఉన్నవాళ్ల పేర్లు దొరుకుతాయా?

కష్టం, అయినా దొరకొచ్చు. 1850, 1860 జనాభా లెక్కల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు. పేర్లు ఎస్టేట్ జాబితాల్లో, వీలునామాల్లో, అమ్మకపు పత్రాల్లో ఉంటాయి, ఆవులకీ బల్లలకీ మధ్య, పక్కన ధరతో. 1870 లెక్కల్లో తొలిసారి ఇంటిపేరుతో సహా కనిపిస్తారు. ఆ పేర్లతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లడం మంచి పద్ధతి.

చాతమ్‌లో రెండు పేర్లు తప్పక తెలుసుకోండి. జార్జ్ మోజెస్ హార్టన్ ఇక్కడి పొలంలో బానిస. చాపెల్ హిల్‌కి నడిచి వెళ్లి, పళ్లమ్ముతూ, విద్యార్థులకి ప్రేమ కవితలు ఆశువుగా చెప్పి డబ్బు తీసుకునేవాడు. 1829లో ఆయన కవితా సంపుటి అచ్చయింది. రాయడం అప్పటికి సరిగ్గా రాదు. స్వేచ్ఛ కొనుక్కోవాలని ఎంత ప్రయత్నించినా అంతర్యుద్ధం ముగిసేదాకా అది దక్కలేదు. రెండో పేరు లూయిస్ ఫ్రీమన్. స్వతంత్రుడైన నల్లజాతి వ్యక్తి, పిట్స్‌బరో తొలితరం వాసుల్లో ఒకడు, సొంతంగా ఆస్తి కూడబెట్టాడు. ఆయన చిన్న ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది, దేశం మొత్తం చారిత్రక స్థలాల జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో కూడా ఉంది.

## కొనాలనుకునేవాళ్లకి

నేషనల్ రిజిస్టర్‌లో ఉన్న ఇల్లు కొంటే రంగు కూడా మార్చుకోనివ్వరట?

ఈ అపోహ ఎంతకీ పోదు. 1966 చట్టంతో వచ్చిన ఈ జాబితా ఒక గౌరవం మాత్రమే. మీ సొంత డబ్బుతో మీ ఇంటికి రంగు మార్చినా, గది కలిపినా, ఆఖరికి కూలగొట్టినా ఆ జాబితా అడ్డుపడదు. ఆంక్షలు వచ్చేది ఊరు లేదా కౌంటీ స్థానికంగా ప్రకటించే ల్యాండ్‌మార్క్, హిస్టారిక్ డిస్ట్రిక్ట్ వల్ల. అక్కడ బయటి మార్పులకి ముందు అనుమతి తీసుకోవాలి. ఇవి కాక దస్తావేజులోనే షరతులు ఉండొచ్చు. సంతకానికి ముందు లాయర్‌ని ఈ మూడూ విడివిడిగా అడగండి.

పన్నుల్లో ఏమైనా లాభం ఉందా?

ఉంది. స్థానిక ల్యాండ్‌మార్క్ అయితే అర్జీ పెట్టుకుంటే ప్రాపర్టీ టాక్స్‌లో సగం వాయిదా పడుతుంది. ఇంటి చారిత్రక రూపం చెడగొడితే వెనకటి కొన్నేళ్ల బకాయి కట్టాల్సి వస్తుంది. నేషనల్ రిజిస్టర్ ఇల్లయి మీరే ఉంటుంటే, బాగుచేత ఖర్చులో 15 శాతం రాష్ట్ర క్రెడిట్. కనీసం 10,000 డాలర్ల పని ఉండాలి, క్రెడిట్ 22,500 డాలర్లు దాటదు. అద్దెకో వ్యాపారానికో అయితే ఫెడరల్ 20 శాతం క్రెడిట్ వేరే ఉంది, అది ఐదేళ్లలో పంచి ఇస్తారు. రాష్ట్ర పథకం గడువును శాసనసభ పొడిగిస్తూ వస్తోంది కాబట్టి తాజా పరిస్థితి కనుక్కోండి. అన్నిటికంటే ముఖ్యం, పని మొదలుపెట్టకముందే అర్జీ ఆమోదం పొందాలి. పని అయ్యాక వెళ్తే ఎంత మంచి పనైనా డబ్బులు రావు.

ఇన్‌స్పెక్షన్‌లో దేని గురించి టెన్షన్ పడాలి?

చూడ్డానికి భయపెట్టేవి చాలావరకు చవకగా పోతాయి. రంగు పెచ్చులు, కిర్రుమనే నేల, తెరుచుకోని కిటికీ, ఇవి పెద్ద విషయం కాదు. నిజంగా చూడాల్సింది నేలకి దగ్గరగా ఉండే అడుగు దూలం. నీరు, చెదలు ముందు పట్టేది దాన్నే. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సులువుగా దిగితే ఖర్చు పెద్దదే. తర్వాత పైకప్పు, పాత కరెంటు వైరింగ్, బావి, సెప్టిక్. 1978కి ముందు ఇల్లయితే సీసం రంగు ఉందనే అనుకోండి, పిల్లలుంటే మరీ జాగ్రత్త. ఇన్సూరెన్స్ కోట్ ఆఫర్ పెట్టకముందే తెచ్చుకోండి, కొన్ని కంపెనీలు పాత వైరింగ్ అనగానే తప్పుకుంటాయి.

ఒక్కటి గట్టిగా చెబుతాను. పాత ఇటుక చిమ్నీకి, పునాదికి సిమెంటు పూయనివ్వకండి. అప్పటి ఇటుక మెత్తన, గార సున్నానిది. తేమ సున్నం గుండా బయటికి పోతుంది. మధ్యలో గట్టి సిమెంటు పెడితే తేమ ఇటుకలో ఇరుక్కుని, చలికాలం గడ్డకట్టి, ఇటుక ముఖమే పొరలుగా ఊడిపోతుంది. సున్నం గార తెలిసిన తాపీవాడు దొరకడం కష్టం, రేటూ ఎక్కువే. అయినా ఆగి అతన్నే పిలవండి. కిటికీలు తీసేసి వినైల్‌వి పెట్టమనే సేల్స్‌మాన్ మాట కూడా వినొద్దు. పాత పైన్ చెక్క బాగుచేస్తే ఇంకో వందేళ్లుంటుంది.

## ఇప్పుడు జరుగుతున్నది

నిన్నటిదాకా పొలాలే. ఇప్పుడు ఒక్కసారిగా ఇన్ని ఇళ్లెందుకు?

రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ ఉద్యోగాలు పెరిగి, వేక్ కౌంటీ నిండిపోయి, ఒత్తిడి ఇటు తిరిగింది. పిట్స్‌బరో పక్కన చాతమ్ పార్క్ అనే కొత్త నివాస ప్రాజెక్టు 7,000 ఎకరాలకు పైగా, 22,000 ఇళ్ల దాకా ప్లాన్. 2020లో పిట్స్‌బరో మొత్తం జనాభాయే 4,537. 2022లో ఒకే ఏడు మాంక్యూర్ దగ్గర విన్‌ఫాస్ట్ కార్ల ఫ్యాక్టరీ, సైలర్ సిటీ దగ్గర వుల్ఫ్‌స్పీడ్ చిప్‌ల ప్లాంటు ప్రకటించారు, 2023లో డిస్నీ వాళ్ల ఆస్టీరియా కాలనీ. కార్ల ఫ్యాక్టరీ వాయిదా పడింది గానీ, ప్రకటన వినగానే పెరిగిన భూముల ధర మాత్రం దిగలేదు. ఆ కొత్త ఇళ్లలో కొన్ని కొనేది మనమే కాబట్టి, దీన్ని ఎవరో చేస్తున్న పనిలా మాట్లాడడం నాకు నచ్చదు.

పాత ఇల్లు కూలగొడుతుంటే ఆపొచ్చా?

ప్రైవేటు భూమిలో, ప్రైవేటు డబ్బుతో అయితే దాదాపు ఆపలేం. స్థానిక ల్యాండ్‌మార్క్ అయితే కూల్చివేతను 365 రోజుల దాకా వాయిదా వేయించవచ్చు. ఆ లోపు కొనేవాళ్లు దొరకాలి. ఫెడరల్ డబ్బో అనుమతో ఉన్న ప్రాజెక్టు అయితే చారిత్రక ప్రభావం పరిశీలించాలి, అదీ పరిశీలన వరకే. 1939 నుంచి ఉన్న ప్రిజర్వేషన్ నార్త్ కరోలైనా సంస్థ ఇలాంటి ఇళ్లకి షరతులతో కొనుగోలుదారుల్ని వెతుకుతుంది. ఇంటిని ట్రైలర్ మీద ఎక్కించి ఇంకో చోటికి తరలించడం కూడా ఉంది. బిల్డర్లు కొన్నిసార్లు ఇల్లు ఉచితంగా ఇచ్చేస్తారు, తరలింపు ఖర్చు, స్థలం మాత్రం మీవి.

మా కాలనీ వెనక పాడుబడ్డ ఇల్లుంది. దాని కోసం మేమేం చేయగలం?

లోపలికి వెళ్లకండి, నేల కూలొచ్చు, పైగా అది అతిక్రమణ. ముందు రాష్ట్ర ఆన్‌లైన్ మ్యాప్‌లో ఆ చోట చుక్క ఉందేమో చూడండి. లేకపోతే యజమానిని అడిగి నాలుగు వైపుల నుంచి ఒక్కో ఫొటో, చిమ్నీ, పునాది, కిటికీ దగ్గరగా ఒక్కో ఫొటో తీయండి. ఆకులు రాలిన జనవరిలో తీస్తే ఇల్లు బాగా కనిపిస్తుంది. ప్రిజర్వేషన్ ఆఫీసుకి, చాతమ్ కౌంటీ హిస్టారికల్ అసోసియేషన్‌కి లొకేషన్‌తో పంపండి. పక్కన ఎనభై ఏళ్ల పొరుగాయన ఎవరైనా ఉంటే ఆ ఇంట్లో ఎవరుండేవారో అడిగి, ఆ మాటలు కూడా రాసి జత చేయండి.